పెంపుడుచేపకు దుఃఖించుట

క్రీస్తునకు పూర్వము 92వ సంవత్సరమున రోమునగరమందు సెన్సారు అను గొప్ప యధికారమును ఇద్దరు కలసి వహించియుండిరి. ఒకడు మహావక్తయని పేరువడసిన లూసియస్ లిసీనియస్ క్రాసస్. రెండవవాడు డొమీషియస్ అహెనోబార్బస్. వారికి ఒకరియెడ నొకరికి సరిపడలేదు. క్రాసస్ తన యింటి కొలనులో మురీనా యను పామువంటి సముద్రమీనమునొకదానిని పెంచుచుండెను. అది చచ్చినప్పుడాతడు కన్నకూతురు పోయినట్లు నల్లబట్టలు ధరించి కంటనీరు పెట్టెనట. డొమీషియస్ ఈ సంగతిని బహిరంగముగా నెత్తి, చేపకొరకేడ్చినవాడవు నీవు గదాయని యెకసక్కెమాడెను. ముగ్గురు భార్యలను సాగనంపియు నొక్క బాష్పబిందువైనను రాల్పనివాడవు నీవు గదాయని క్రాసస్ ప్రత్యుత్తరమిచ్చెను.

ప్లూటార్కు మొదలగు ప్రాచీనులు వ్రాసియుంచిన యీ జగడము రెండువేల యేండ్లు గడచినను ముగియలేదు. నేడు హైదరాబాదులోగాని విజయవాడలోగాని అలంకారపు చేపల నమ్ము అంగడికి పోయినచో చిన్నచిన్న ప్లాస్టికు గిన్నెలలో ఒక్కొక్కటిగా నుంచిన నీలపు, ఎఱ్ఱని చేపలు కానవచ్చును. వానిని మనవారు ఫైటరుచేపలందురు. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకొందురు. అది కొన్ని నెలలు గాజుకూజాలో తిరుగాడి, ఒకనాడు మేతముట్టక యడుగున పడియుండి, మరునాటి యుదయమునకు వెలికిల తేలియుండును. పిల్ల యేడ్చును. "చేపే గదా, ఇంకొకటి కొందాములే" అని పెద్దలందురు. ఈ యోదార్పు న్యాయమైనదేనా? ఆ చేప అంత హఠాత్తుగా నేల చచ్చెను? ఈ రెండు ప్రశ్నలను చరిత్ర సాయముతో విచారింపదలచితిమి. ఇది యల్పవిషయమని తోచువారు క్రాసస్ మాటను మరియొకసారి చదువగోరెదము.

రోమనుల చేపల వెఱ్ఱి సామాన్యమైనది కాదు. సముద్రతీరమున కొండలు తొలిపించి కొలనులలోనికి ఆటుపోటుల నీటిని రప్పించిన ధనికులుండిరి. లూకుల్లస్ అట్లు చేసినందుకు ఆతనికి 'టోగా కట్టిన క్సెర్‌క్సీసు' అని పరిహాసనామము కలిగెను. సిసిరో యీ జాతివారిని కొలనుదొరలని యెగతాళి చేసెను. వీరిలో నగ్రగణ్యుడు హోర్టెన్సియస్ అను వక్త. బౌలీ యనుచోట నాతనికొక కొలనుండెను. తాను ప్రేమించిన మురీనా చచ్చినప్పుడాతడును ఏడ్చెనని ప్లీనీ వ్రాసెను. అచ్చటనే, తరువాతి కాలమున, ద్రూససు భార్యయగు అంటోనియా తన మురీనాకు చెవిపోగులు పెట్టెనట. చేపకు చెవులెక్కడివని చదువరు లడుగవచ్చును. అది ప్లీనీనే యడుగవలసిన ప్రశ్న.

వార్రో యను పండితుడు సేద్యమును గూర్చి క్రీస్తుపూర్వము 37వ సంవత్సరమున రచించిన గ్రంథమందు హోర్టెన్సియసును గూర్చి చెప్పిన మాట లింతకంటె విలువైనవి. ఆయన తన కొలనులోని చేపలను భోజనమునకు వాడక పొరుగూరి నుండి చేపలు కొని తెప్పించెడివాడు. ఆయన బండికి కట్టు కంచరగాడిదలను అడిగిన నిచ్చునేమో గాని కొలనులోని చేప నొకదానినైన నీయడట. చేపలకు జబ్బుచేసినప్పు డాయన పడిన యాందోళన, జబ్బుపడిన బానిసల విషయమున పడినదానికి తీసిపోవునది కాదు. రోగియైన బానిస చన్నీళ్లు త్రాగునేమోయను చింతకంటె, చేపలకు క్రొత్తనీరందునో లేదో యను చింతయే యాయనకెక్కువయని వార్రో స్పష్టముగా చెప్పినాడు.

రోగపీడితమైన పెంపుడుచేపకొరకు మనుష్యుడు పడిన మనోవ్యథకు ఇంతటి ప్రాచీనమైన వర్ణన మేము మరియొకటి చదివియుండలేదు. కాని యా వర్ణనలోనే బానిసయు నున్నాడు. మరికొంతకాలమునకు వేడియస్ పోలియో యనువాడు స్ఫటికపాత్రను పగులగొట్టిన బాలదాసుని మురీనాల కొలనులో పడవేయుడని యాజ్ఞాపించెను. ఆనాడు వాని యింట విందుకు వచ్చిన అగస్టసు చక్రవర్తి బాలుని విడిపించి, ఇంటిలోని స్ఫటికపాత్రల నన్నిటిని తన యెదుటనే పగులగొట్టించి, ఆ కొలనును పూడ్పించెనని సెనెకా వ్రాసెను. కాబట్టి చేపకొరకేడ్చుటయే దయకు గుర్తని మేమనము. కంటినీటికి గొప్పతనము దానంతట రాదు; ఆ కన్ను మరియెవరిని చూచి తడియగలదో, ఎవరిని చూడనే చూడదో విచారింపవలెను. అట్లని చేపకొరకేడ్చినవాడు మనుష్యుల నెల్ల మరచినవాడని తీర్మానించుటయు తప్పే. డొమీషియస్ చేసిన తప్పది.

మన వాఙ్మయమున చేప కొఱత లేదు. కాని కవులకది కన్నులకు పోలిక చెప్పుటకే యెక్కువగా నక్కఱకు వచ్చెను. చిలుకకు, లేడికి, హంసకు దక్కిన చనువు మీనమునకు దక్కలేదు. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమున కొక భాగము కలదు. చేపలకేమి మేత పెట్టవలెనో యందు వివరముగా నున్నది. అయితే యా మేత గాలమువరకే. అశోకుని అయిదవ స్తంభశాసనము, ఆయన పట్టాభిషేకమైన యిరువదియాఱేండ్లకు వెలువడినది, దీనికంటె దయ గలది. చంపరాని ప్రాణుల పట్టికలో అది యెముకలు లేని చేప మొదలగు కొన్ని జలచరములను చేర్చి, చాతుర్మాస్యపు పున్నములు మున్నగు పర్వదినములందు చేపలను చంపుటనే కాక అమ్ముటను గూడ నిషేధించినది.

అయినను చేపను పాత్రలో నుంచి పెంచిన మొట్టమొదటివాడెవడని మమ్మడిగినచో మేము మనువు పేరే చెప్పుదుము. శతపథబ్రాహ్మణమందలి కథ పెక్కుర కెఱుకయే. చేతులు కడుగుకొను నీటిలో నొక చిన్నచేప మనువు దోసిటబడి, నన్ను పెంచుము, నిన్ను రక్షింతునన్నది. మేము చిన్నగా నున్నంతకాలము మాకు నాశమెక్కువ, చేపను చేపయే మ్రింగునని తన భయమును తెలిపినది. మనువు దానిని మొదట కుండలో నుంచెను. కుండ చాలకపోగా గుంట త్రవ్వి యందు విడిచెను. గుంటయు చాలకపోగా సముద్రమునకు చేర్చెను. ప్రళయము సంగతి తరువాతిది. చేప పెరిగినకొలది నీటిని పెంచినవాడు మనువు. ఇది యెంత సామాన్యమైన విషయమో, నేటి గాజుకూజాల కాలమున అంత మఱపునకు వచ్చినది.

ఇక నా ఫైటరుచేప పుట్టుపూర్వోత్తరములు. దాని స్వస్థలము సయాము, అనగా నేటి థాయిలాండు. వరిమళ్లలో, చిత్తడినేలలలో, పారీపారని కాలువలలో బ్రతుకును. అచ్చటివారు దానిని ప్లాకట్ అందురు; కఱచెడి చేపయని యర్థము. మగది మగదానిని చూచి యోర్వలేదు. ఆ గుణమునుబట్టి సయామువారు వీనిచేత పందెములాడించిరి. జన్యుశాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన పరిశోధన ప్రకారము ఈ చేప మనుష్యుని పెంపకమునకు వచ్చి కనీసము 400 సంవత్సరములైనది. మళ్లలోని చేపలు కొద్ది నిమిషములు పోరాడి విడిపోవును; తరతరములుగా పందెమునకై యేర్చి పెంచినవి గంటలకొలది పోరును. పగయను దానిలో ప్రకృతి చేసినది కొంచెము, మనుష్యుడు చేర్చినది చాల.

ఈస్టిండియా కంపెనీవారి కొలువులో వైద్యుడుగా నుండిన థియొడార్ కాంటర్ అను డెన్మార్కు దేశీయుడు 1849లో మలయా ప్రాంతపు చేపల పట్టికను రచించెను. అది కలకత్తాలోని బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు అచ్చుపడినది. అందాతడీ చేపల పోరును వర్ణించి, మలయులకు కోడిపందెములెట్లో సయామువారికి చేపపందెములట్లనియు, సొమ్మును మాత్రమే కాక యొక్కొక్కప్పుడు తమ్మును తమ కుటుంబమును గూడ నొడ్డుదురనియు, పందెము లాడించు హక్కును గుత్తకిచ్చుటవలన రాజునకు పెద్ద యాదాయము వచ్చుననియు వ్రాసెను. తమ్ములను, తన్నును, ద్రౌపదిని వరుసగా నొడ్డిన ధర్మరాజు కథ చదివిన మనకిది వింత గాదు. పలనాటివారి కలహమునకు కోడిపోరొక కారణమని చెప్పుకొను తెలుగువారమే గదా మనము. సంక్రాంతి వచ్చిన గోదావరి తీరమున నేటికిని కత్తికట్టిన కోళ్లెగురుచుండగా సయామువారిని నిందించుటకు మనకు నోరెక్కడిది?

కాంటర్ ఈ చేపకిచ్చిన శాస్త్రీయనామము పొరపాటుగా నుండెను. ఆ పేరు వేఱొక జాతికి చెందియుండుటచే 1909లో లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందలి టేట్ రీగన్ దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని పేరిడెను. తేజోవంతమైనదని భావము. పందెగాని పేరు పోయి యందగాని పేరు వచ్చిన దన్నమాట. దానికి తగినట్లే యిరువదవ శతాబ్దమున పెంపకందార్లు కోఱలను విడిచి రెక్కల మీద దృష్టి నిలిపిరి. తోక పైటచెఱగువలె వ్రేలాడుట, అర్ధచంద్రాకారమున విప్పుకొనుట వారి సృష్టియే. ఆ తోక బరువునకు చేప యీదలేక యలసిపోవును. చినిగిన తోకకు కుళ్లు పట్టును. 2019లో థాయిలాండు ప్రభుత్వము దీనిని తమ జాతీయ జలచరముగా ప్రకటించినది. పౌరుషమునకై కొంతకాలము, సౌందర్యమునకై కొంతకాలము నలిగిన ప్రాణికి బిరుదు వచ్చినందులకు సంతోషమే.

దీని మంచిగుణమునొకదానిని చెప్పకపోవుట యన్యాయము. మగచేప నీటిపై నోటితో బుడగలూది గూడు కట్టును. ఆడది గ్రుడ్లు విడువగా, అవి యడుగునకు జాఱిపోకుండ నోట కఱచి తెచ్చి యొక్కొక్కటే యా బుడగలలో నిలుపును. పిల్లలగువరకు కావలి కాయును. యోధుడని మనము పేరుపెట్టినవాడు ఇంటిలో దాది. ఒంటరిగా కూజాలో నున్న మగచేపయు గూడు కట్టుట పెక్కురు చూచియేయుందురు.

ఇప్పుడు చావునకు వత్తము. ఈ జాతికి మొప్పలతోపాటు తలలో నొక విశేషావయవమున్నది. దాని సాయమున నీటిపైకి వచ్చి గాలిని పీల్చుకొనగలదు. మళ్లలో నీరు తగ్గి ప్రాణవాయువు చాలనప్పు డది బ్రతుకుట కీ యేర్పాటు. అంగడివారు దీనిని పట్టుకొని, ఈ చేపకెంత నీరైనను చాలునని గ్లాసెడు నీటిలో నుంచి యమ్ముచున్నారు. గాలి పీల్చగల చేపకు గాలి కొఱతలేదన్నమాట నిజమే. నీటి మలినము మాటయేమి?

1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తొట్టిలో బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి యుంచి, ఒకదాని విసర్జనము మరియొకదాని కుపయోగించునట్లు చేసిన ప్రయోగమును ప్రకటించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు చేపలయిల్లు తెఱచిరి. మరుసటి సంవత్సరమున ఫిలిప్ హెన్రీ గాస్ గ్రంథము వెలువడి యింటింట గాజుతొట్టెల పిచ్చి పుట్టించెను. అయితే యా తొట్టిలో నిజముగా జరుగు పనిని తెలిసికొనుటకు మరి నలువదేండ్లు పట్టినది. చేప మొప్పలనుండి అమ్మోనియా యను విషము నిరంతరము నీటిలో కలియును. కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, వేఱొకజాతివి దానిని నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపకు ప్రాణాంతకములు. చివరిది చాలవఱకు సహ్యము. ఈ సూక్ష్మజీవులను వేఱుచేసి చూపిన కీర్తి 1890లో వినోగ్రాడ్‌స్కీ యను రష్యను పండితునికి దక్కెను. ఇదే విషయమున ఏండ్ల తరబడి కృషిచేసినవారిలో పైని చెప్పిన వారింగ్టన్ కుమారుడొకడు. ఆతని పేరును రాబర్టే. తండ్రి తొట్టిని నిర్మించెను, తొట్టిని బ్రతికించు శక్తిని వెదకుటలో కొడుకు ఆయువును గడపెను. అయితే కొడుకు పని పొలములలోని నేలను గూర్చినది. చేపల ప్రసక్తి లేదు.

క్రొత్త తొట్టిలో నీ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు సుమారు నాలుగునుండి ఆఱు వారములు పట్టును. ఆలోపల నీరు స్ఫటికమువలె నుండును, చేప మాత్రము విషములో నుండును. తెల్లనివన్నియు పాలు, నల్లనివన్నియు నీళ్లు అని నమ్మువారిని మన పెద్దలు నవ్విరి. నిర్మలముగా కనబడు నీటినెల్ల మంచినీరనుట యట్టిదే. దీనికితోడు కొళాయినీటిలోని క్లోరిను మొప్పలను కాల్చును. కూజాను వారమునకొకమారు సబ్బుతో తోమి నీరంతయు పాఱబోసినచో కుదురుకొన్న కొద్దిపాటి సూక్ష్మజీవులును పోవును. మిక్కిలి శుభ్రతచేత చచ్చిన చేపలకు లెక్కలేదు. ఇరువదినాలుగు డిగ్రీలకు తక్కువైన చలియు దానికి సరిపడదు. మాఘమాసపు రాత్రి కిటికీప్రక్కనుండిన కూజాలో నెంత వేడిమి నిలుచును?

అప్పుడు రోగము తలయెత్తును. బంగారుపొడి చల్లినట్లు ఒడలిపై మెఱయు పరాన్నజీవి యొకటి. రెక్కలంచులు నల్లబడి కరగిపోవుట యొకటి. అన్నిటికంటె ఘోరమైనది జలోదరము. లోపలి యవయవములు, ముఖ్యముగా మూత్రపిండములు చెడి, నీరు పోక కడుపుబ్బి, పొలుసులన్నియు సీతాఫలపు పైతోలువలె విచ్చుకొనును. ఆ దశకు వచ్చినది బ్రతుకుట యరుదు. నిన్న సాయంకాలము మేత తినినదే, రాత్రికి రాత్రి యేమైనదని యింటివారాశ్చర్యపడుదురు. బలహీనముగా కనబడిన చేప పెద్దచేపకు మొదటి యాహారము. మనువునకు మొఱవెట్టిన చిన్నచేప చెప్పినదదే గదా. కావున జబ్బును దాచుకొనుట దాని పుట్టుకతోనే వచ్చిన విద్య. మనకు హఠాత్తుగా తోచిన రోగము దానికి పాతదైయుండును. మరియొక మాట: ఈ జాతి యాయువు సాధారణముగా రెండు మూడేండ్లు, అంగడికి వచ్చుసరికే కొన్ని నెలలు గడచియుండును. కాబట్టి బాగుగా చూచుకొన్నవారి యింట సంవత్సరమున్నరకు చచ్చిన చేప యొక్కొక్కప్పుడు వార్ధకమున పోయినదే. పిల్లలకీ సంగతి చెప్పుట మేలు. తమవలననే చచ్చినదని వారు లోలోన కుములుచుందురు.

మా పాఠశాలలో సంస్కృతము చదువు బాలిక యొకతె చేప యీ జలోదరముతోనే పోయినది. ఆమె యింట పెద్దవారొకరు, ఇంత మమకారము కూడదు, చేపగా పుట్టెదవని మందలించిరట. అప్పుడు మేము తరగతిలో జడభరతుని కథ చెప్పుచుంటిమి. ఆ పిల్ల లేచి, "మాస్టారూ, చేపగా పుడితే తప్పేమిటండీ?" అని యడిగినది. తరగతియంతయు నవ్వినది. మాకు నవ్వు రాలేదు.

భాగవత పంచమస్కంధమందలి యీ కథను తెలుగు చేసినవాడు పోతన కాదు, గంగన. భరతుడు తల్లిలేని లేడిపిల్లను నీటినుండి రక్షించి పెంచెను. దానియందే మనసు నిలిపి ప్రాణములు విడిచి లేడిగా పుట్టెను. మనవారీ కథను ఇంతవఱకే చెప్పి పిల్లలను బెదరించుదురు. తరువాతి జన్మమున నాతడు బ్రాహ్మణుడై పుట్టి, మూఢునివలె తిరుగుచు, రహూగణ మహారాజు పల్లకి మోయుటకు పట్టువడెను. కాలిక్రింద జీవులు నలుగకుండ నేలను చూచుకొని యడుగు వేయుటచే నాతని నడక తక్కిన బోయీల నడకతో కలియక పల్లకి కుదుపుకొన్నది. రాజు కోపించెను. ఆ మీద జరిగిన బోధను పండితులు మిక్కిలి మెచ్చుకొందురు. మేమా నడకను మెచ్చుకొందుము. లేడిపిల్లను పెంచుట భరతునికి తప్పని కథ యెక్కడను చెప్పలేదు. తన తక్కిన ధర్మముల నెల్ల దానికొరకు విడిచినాడన్నదే నింద. చీమను త్రొక్కనొల్లని యా పాదమునకు లేడిజన్మము తోడ్పడలేదని యెవరనగలరు? ఆ బాలికకు మేమీ భాగమును చదివి చెప్పితిమి.

ఇతర దేశములవారీ దుఃఖమునకు చోటు చూపిరి. లండను హైడుపార్కు మూలను 1881లో చెర్రీ యను కుక్కను పాతిపెట్టుటతో నొక చిన్న శ్మశానము వెలసినది. పారిస్ చెంతనున్న ఆస్నియేరులో 1899లో కుక్కల శ్మశానము తెఱచిరి. అందు చేపలకును చోటు దొరకినది. సయాములోనే 1910 మొదలు 1925 వఱకు రాజ్యమేలిన ఆఱవ రాముడు తన కుక్క యాలే తుపాకి దెబ్బకు చావగా నఖోన్ పథోములోని తన కోటయందు దానికి లోహవిగ్రహము నిలిపి, స్వయముగా పద్యములు రచించి చెక్కించెను. మనకు విగ్రహము లక్కఱలేదు. పెరటిలో జానెడు నేల చాలును. మేడలలో నుండువారికి పూలకుండి యున్నది. చచ్చిన చేపను మురుగుకాలువలో పాఱవైచుట పిల్లల యెదుట చేయరాని పని. చెఱువులోనికి విసరుట యెవరి యెదుటను చేయరానిది, దాని రోగము చెఱువులోని చేపల కంటును. బ్రతుకదని తెలిసి బాధపడుచున్న చేపను లవంగనూనె కలిపిన నీటిలో నిద్రపుచ్చి పంపు పద్ధతి కలదు. పశువైద్యునడిగి చేయించుట మంచిది.

ఖాళీకూజాను చూడలేక మరునాడే క్రొత్తచేపను తెచ్చువారున్నారు. పాతది రోగముతో పోయినయెడల తొట్టిని కడిగి యారబెట్టి, నీరు నింపి, సూక్ష్మజీవులు కుదురుకొనువఱకు నెల పైగా వేచియుండవలెను. తొట్టియు పదునైదు ఇరువది లీటర్లకు తక్కువ గాకుండుట మేలు. ఆ బాలిక తండ్రి యిప్పుడట్టిదొకటి కొనిపెట్టినాడు. మొక్కలు నాటిరి, నీరు నింపిరి, చేపనింకను తేలేదు.